ఆదివారం ఆబిడ్స్

రిటైరయ్యాక కొన్నాళ్లు నాకు ఆదివారానికీ సోమవారానికీ తేడా తెలియలేదు. ముప్పై రెండేళ్లు నాంపల్లి ఆఫీసుకు తిరిగిన కాళ్లు ఊరుకుంటాయా? ఓ ఆదివారం నాంపల్లి స్టేషన్ దగ్గర బస్సు దిగి ఆబిడ్స్ దాకా నడిచాను. షట్టర్లు దించిన షాపుల ముందు, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. అట్ట ఊడిన హైదరాబాద్ చరిత్ర ఒకటి, యాభై అంటే ముప్పైకి బేరమాడి కొన్నాను.

ఇంటికెళ్లి అందులో చదివాను: ఈ సెంటరుకు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఖాస్ నౌకరు. ఆ నిజాం 1891లో చేసిన జాకబ్ వజ్రం బేరంలోనూ అతని చెయ్యి ఉంది. ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పోయింది, నౌకరు పేరు మాత్రం సిటీ బస్సుల మీద మిగిలింది. నవ్వొచ్చింది.

అదే పుస్తకంలో నుమాయిష్ సంగతీ ఉంది: 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ ఎగ్జిబిషన్ 1946లో ఇప్పటి నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరిలో మిర్చీబజ్జీ తినడానికి వెళ్లేవాణ్ణే గానీ, ఎప్పుడూ ఆ సంగతి అడగలేదు. ఇప్పుడు దాని పాత కరపత్రాలు పోగేస్తున్నాను. శనివారం రాత్రే సంచీ, భూతద్దం సర్దుకుంటాను. నన్ను దూరం నుంచి చూడగానే పుస్తకాలాయన కేకేస్తాడు: "సార్, మీ నుమాయిష్ కాగితాలు రెండు దొరికినయ్, పక్కన పెట్టిన!"