నరం పట్టే చేతులు

రోగాన్ని వదిలించాలని నెత్తురు తీసిన కాలం నుంచి, రోగాన్ని తెలుసుకోవాలని తీస్తున్న ఈ కాలం దాకా... ఆ పనినే నమ్ముకుని బతికినవారి చరిత్ర

1799 డిసెంబర్ 14. అమెరికాలోని మౌంట్ వెర్నన్‌లో ఇంకా తెల్లవారలేదు. మాజీ అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు గొంతు పూడుకుపోయి ఊపిరాడటం లేదు. వైద్యుడు వచ్చేదాకా ఆగలేక, తన ఎస్టేటులో ఓవర్‌సీర్‌గా ఉన్న జార్జ్ రాలిన్స్‌ను పిలిపించి నెత్తురు తీయమన్నాడు. ఎస్టేటులో పనిచేసేవాళ్లకు రక్తం తీయడం రాలిన్స్‌కు అలవాటే. కానీ ఆ రోజు కంగారు పడ్డాడు. చివరికి రోగే అతనికి ధైర్యం చెప్పి చెయ్యి చాచాడు. ఎక్కువ తీయొద్దని భార్య మార్తా బతిమాలింది. తర్వాత వచ్చిన వైద్యులు మరో మూడు విడతలు తీయించారు. మొత్తం రెండు లీటర్లకు పైగా రక్తం పోయింది. ఆ రాత్రే, 67 ఏళ్ల వయసులో, వాషింగ్టన్ కన్నుమూశాడు.

ఇవాళ మన వీధిలోని ల్యాబ్‌లో రక్తపరీక్షకు తీసేది ఒక్కో ట్యూబుకు రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు. అప్పుడు నెత్తురును పారబోయడానికి తీశారు, ఇప్పుడు చదవడానికి తీస్తున్నారు. ఈ రెండు శతాబ్దాల్లో వైద్యం తలకిందులైనా ఒక్క సంగతి మారలేదు. చీటీ రాసేది ఒకరు, సూది పట్టేది మరొకరు. చీటీ రాసినవారి పేర్లు చరిత్రలో దండిగా ఉన్నాయి. సూది పట్టినవారి గురించి చెప్పుకోవలసింది ఇంకా చాలా ఉంది.

తామరతూడు మీద తొలి పాఠం

రక్తం తీయడాన్ని చేతిపనిగా గౌరవించి, దానికి పద్ధతిగా శిక్షణ ఏర్పరచిన గ్రంథాల్లో సుశ్రుత సంహిత ముందుంటుంది. అందులో సిరావ్యధకు, అంటే నరానికి గాటుపెట్టి రక్తం తీయడానికి, విడిగా ఒక అధ్యాయమే ఉంది. శిష్యుడు మొదట మనిషి మీద చెయ్యి వేయకూడదు. చనిపోయిన జంతువుల సిరల మీద, తామరతూడుల మీద సాధన చేయాలి. చేతి నరం పట్టాలంటే రోగిని సుఖంగా కూర్చోబెట్టి, బొటనవేలు లోపలికి పెట్టించి పిడికిలి బిగించమనాలి. ఆ తర్వాత కట్టు కట్టాలి. ఈ రోజు ల్యాబ్‌లో కుర్చీలో కూర్చోగానే మనకు వినిపించే ‘పిడికిలి బిగించండి’ అన్న మాట వెనక ఇంత పాత క్రమం ఉంది.

పసివాళ్లకు, వృద్ధులకు, గర్భిణులకు, అలసినవారికి, భయస్తులకు సిరావ్యధ చేయకూడదని సుశ్రుతుడు హెచ్చరించాడు. తప్పుగా దిగిన పోటు ఎన్ని రకాలో లెక్కపెట్టి, ఇరవై అని తేల్చాడు. చర్మం కింద సిరలు చేపల్లా జారిపోతాయి కనుక ఈ పనిలో పూర్తిగా ఆరితేరానని ఎవరూ అనుకోవద్దన్నాడు. రోజుకు వంద చేతులు చూసే ఫ్లెబాటమిస్టును, అంటే పరీక్షకు రక్తం తీసేవారిని, అడిగినా ఇదే చెబుతారు. కంటికి స్పష్టంగా కనిపించిన నరమే సూది తగలగానే పక్కకు తప్పుకుంటుంది. నరాన్ని చూపుడువేలి కొసతో తడిమి పట్టాలి తప్ప కంటిని నమ్ముకుంటే చాలదు.

మంగలి దుకాణంలో వైద్యం

యూరప్‌లో దారి వేరు. శరీరంలో నాలుగు రసాలు సమతూకంలో ఉండాలనీ, రక్తం మితిమీరితే రోగం వస్తుందనీ గ్రీకు వైద్యులు నమ్మారు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గేలెన్ ఆ నమ్మకాన్ని శాస్త్రంగా స్థిరపరిచాడు. ఆ తర్వాత పదిహేను వందల ఏళ్లకు పైగా జ్వరానికీ, వాపుకూ, తలనొప్పికీ నెత్తురు తీయడమే మందయింది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, మతాచార్యులు కోతలూ వాతలూ ఉన్న వైద్యం చేయరాదని శాసించింది. విశ్వవిద్యాలయంలో చదివిన వైద్యులు కూడా కత్తి పట్టడం తమ స్థాయికి తగదనుకున్నారు. ఆ పని చేతిలో పదునైన కత్తి ఉన్న క్షురకులకు దక్కింది.

వాళ్లే గడ్డం గీశారు, పళ్లు పీకారు, కురుపులు కోశారు, నెత్తురు తీశారు. వ్యాపారం తెలియాలని గిన్నెల్లో రక్తాన్ని కిటికీల్లో పెట్టేవారు. 1307లో లండన్ నగర పాలకులు దాన్ని నిషేధించారు. ఏ రోజు నెత్తురు తీయించుకోవాలో గ్రహస్థితిని బట్టి చెప్పే పంచాంగాలు ఉండేవి. జర్మనీలోని మైన్జ్‌లో అచ్చుయంత్రం పుట్టిన తొలినాళ్లలోనే, 1457 సంవత్సరానికి అలాంటి కేలండర్ ఒకటి అచ్చయింది. ఆ పనికి గిరాకీ అంత ఉండేది.

మన పల్లెల్లోనూ నాయీబ్రాహ్మణులు కురుపులు కోసి కట్టుకట్టేవారు, నాటువైద్యం చేసేవారు. వారి ఇళ్లలోని ఆడవాళ్లు మంత్రసానులుగా పురుళ్లు పోసేవారు. రోగికి అత్యంత దగ్గరగా మెలిగి, నెత్తురును, నొప్పిని చేతులతో ముట్టుకున్నవారికి ఊరు ఇచ్చిన గౌరవం మాత్రం తక్కువ. ఈ అన్యాయంలో తూర్పు పడమరల తేడా లేదు.

సాధనే సాక్ష్యమైంది

1628లో వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణను నిరూపించాడు. అందుకు ఆయన తీసుకున్న ఆధారాల్లో నెత్తురు తీసేవారి వాడుక ఒకటి. చేతిలో రక్తం తీయాలంటే గాటుకు పైభాగాన కట్టు కడతారు, కింద కట్టరు. ఎందుకు? సిరల్లో రక్తం వేళ్ల వైపు నుంచి గుండె వైపు ప్రవహిస్తుంది కనుక. ఆ సంగతికి సిద్ధాంతం లేని రోజుల్లోనే క్షురకుల చేతులకు అది తెలుసు. ఆధునిక శరీరశాస్త్రానికి పునాది వేసిన పుస్తకంలో ఆ చేతుల అనుభవం కూడా ఒక రాయి.

నెత్తురు తీయడం మేలా కీడా అన్నది తేల్చడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది. పారిస్‌లో పియర్ లూయీ అనే వైద్యుడు రోగులను లెక్కపెట్టాడు. న్యుమోనియా వచ్చిన 77 మందిని పరిశీలిస్తే, మొదటి నాలుగు రోజుల్లో నెత్తురు తీసినవారిలో 44 శాతం, ఆలస్యంగా తీసినవారిలో 25 శాతం చనిపోయారు. 1835లో ఆయన పుస్తకం వచ్చాక పాత నమ్మకం సడలడం మొదలైంది. జలగల వైద్యం మీద మోజుతో ఏడాదికి నాలుగు కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకున్న దేశంలోనే ఈ లెక్క పుట్టింది. ఆ జలగలను పట్టడమూ ఒక బతుకుతెరువే. బురదగుంటల్లో ఒట్టి కాళ్లతో దిగి, తమ నెత్తురునే ఎరవేసి పట్టేవాళ్లు.

మన గడపలోకి వచ్చిన సూది

తెలుగు నేల మీద రక్తపరీక్ష చరిత్ర సికింద్రాబాద్ దగ్గర మలుపు తిరిగింది. 1897 ఆగస్టు 20న వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలకు నెత్తురిచ్చినవాడు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి. దోమ కుట్టినందుకు అణా చొప్పున రాస్ అతనికి ముట్టజెప్పాడు. నోబెల్ బహుమతి 1902లో రాస్‌కు వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు దక్కినవి ఆ అణాలే.

స్వాతంత్ర్యం తర్వాత, 1958లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక, సూది పల్లె గడపలోకి వచ్చింది. మలేరియా వర్కర్ పదిహేను రోజులకోసారి ఇంటింటికీ తిరిగేవాడు. జ్వరం ఉన్నవాళ్ల ఎడమచేతి ఉంగరపు వేలు పొడిచి, గాజుపలక మీద చుక్క తీసుకుని, గోడ మీద తేదీ వేసి వెళ్లేవాడు. ఇంటికే వచ్చి నమూనా తీసుకెళ్లే ఈనాటి హోమ్ కలెక్షన్‌కు అతనే ఆద్యుడు.

గోదావరి జిల్లాల్లో ఫైలేరియా వర్కర్ల పని ఇంకా కష్టం. బోదకాలు తెచ్చే సూక్ష్మక్రిములు నెత్తుటిలో పైకి తేలేది రాత్రిపూట. అందుకని ఎనిమిదిన్నర నుంచి అర్ధరాత్రి దాకా వీధులు తిరగాలి. నిద్రకు వాలిన మనిషిని లేపి, వేలు ఇమ్మని ఒప్పించాలి. ఊరి కుక్కలనూ, ఇంటివారి కోపాన్నీ దాటి ఆ చుక్కలు సేకరించినవారి శ్రమ వల్లే ఏ ఊళ్లో జబ్బు ఎంతుందో ప్రభుత్వానికి తెలిసింది.

రంగు మూతల వెనక లెక్క

ఆసుపత్రి పని తీరును మార్చింది 1949లో పేటెంట్ పొందిన జోసెఫ్ క్లైనర్ ఆవిష్కరణ, వాక్యూటైనర్. గాలి తీసేసిన ట్యూబు తనకు కావలసినంత రక్తాన్నే లాక్కుంటుంది. మూత రంగును బట్టి లోపలి రసాయనం తెలుస్తుంది. లేత నీలం మూతలో సోడియం సిట్రేట్, గడ్డకట్టే పరీక్షలకు. ఊదా మూతలో ఈడీటీఏ, హిమోగ్లోబిన్‌కు, మూడు నెలల షుగర్ సగటుకు. బూడిద రంగులో ఫ్లోరైడ్, గ్లూకోజ్ తగ్గిపోకుండా.

వీటికి వరుస ఉంది. ఊదా ట్యూబు తర్వాత సీరం ట్యూబు నింపితే ఈడీటీఏలోని పొటాషియం అందులో కలిసి, రోగికి లేని ప్రమాదాన్ని రిపోర్టు చూపిస్తుంది. చేతికి కట్టే రబ్బరు పట్టీ నిమిషం దాటకూడదు. ట్యూబును మెల్లగా తిరగేయాలి, కుదిపితే కణాలు చిట్లుతాయి. రోగి ముందే పేరు అడిగి లేబుల్ అంటించాలి. ల్యాబ్ తప్పుల్లో ఎక్కువ భాగం నమూనా యంత్రం దాకా చేరకముందే జరుగుతాయి. కోట్ల రూపాయల యంత్రం కూడా తప్పు నమూనాను సరిచేయలేదు.

ఈ చేతులకు మనం ఇవ్వాల్సింది

మన దగ్గర చాలాకాలం ఈ పని డీఎంఎల్‌టీ డిప్లొమా చదివిన ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు చేసేవారు. కార్పొరేట్ ల్యాబ్‌లు, హోమ్ కలెక్షన్ పెరిగాక ఫ్లెబాటమిస్ట్ అన్నది విడి కొలువైంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ లాంటి ప్రభుత్వ ఏర్పాట్లలోనూ ఊరి దవాఖానాలో నమూనా తీసే మనిషే మొదటి మెట్టు. పరగడుపు పరీక్షలు కనుక తెల్లవారకముందే బండి తీయాలి. ఐసు డబ్బా, సూదులు, ట్యూబులు భుజాన వేసుకుని మూడో అంతస్తు మెట్లెక్కాలి. ఏడ్చే పసిబిడ్డ దగ్గరా, కీమోథెరపీతో నరాలు గట్టిపడిన తల్లి దగ్గరా ఒకే నిబ్బరంతో కూర్చోవాలి. అమ్మమ్మా, తాతయ్యా అని మాట కలుపుతూనే భయం పోగొట్టాలి. ‘హస్తవాసి మంచిది’ అని మనం డాక్టర్‌ను పొగుడుతాం. ఆ పొగడ్తకు వీళ్లూ అంతే అర్హులు.

అమెరికాలో లక్షా 30 వేల మందికి పైగా ఈ వృత్తిలో ఉన్నారు. కాలిఫోర్నియాలో లైసెన్సు కావాలంటే, కొత్తగా చేరేవారు తరగతులతో పాటు కనీసం 50 సార్లు నరం నుంచి, 10 సార్లు వేలి నుంచి విజయవంతంగా రక్తం తీసి చూపించాలి. తామరతూడు మీద సాధన చేయమన్న సుశ్రుతుడి ఆలోచన అదే. మన దేశంలో 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆ చట్టం కాగితం మీద ఆగకుండా, రక్తం తీసే ప్రతి మనిషికీ లెక్కకు నిలిచే శిక్షణ, పనిలో చేరేముందే హెపటైటిస్-బి టీకా, సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు హెచ్ఐవీ నివారణ మందులు, తిరిగిన ప్రతి కిలోమీటరుకూ పెట్రోలు ఖర్చు, నెల తిరిగేసరికి నమ్మకంగా అందే జీతం దక్కాలి. ఇంటికి వచ్చినప్పుడు మనం ఇవ్వగలిగింది ఒక కుర్చీ, మంచి వెలుతురు, గ్లాసెడు నీళ్లు, తొందరపెట్టని ఐదు నిమిషాలు.

శతాబ్దాల పాటు ఈ చేతులను వైద్యానికి గడప బయటే నిలబెట్టాం. ఇప్పుడు డాక్టర్ మార్చే ప్రతి మోతాదుకూ, ఆపరేషన్‌కు ముందు చూసే ప్రతి అంకెకూ ఆధారం వీళ్లు తీసిన కొన్ని మిల్లీలీటర్ల రక్తమే. వీళ్ల నైపుణ్యానికి సరైన ధర కట్టడం దయ కాదు. మన రిపోర్టులోని నిజానికి మనం చెల్లించాల్సిన మూల్యం అది.