ముమ్మడి నాయకుని వంశం – కోరుకొండ కట్టడాలు

రాజమహేంద్రవరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోరుకొండ 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుని (పాలన సుమారు 1346–1388) రాజధాని. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయాక తెలుగు నేల నాయకుల చేతుల్లోకి వెళ్లింది. ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకుంటే, మంచికొండ వంశీయుడైన కూనయ నాయకుని కొడుకు ముమ్మడి గౌతమికి ఇరుపక్కలా ఉన్న కోన, పానార వంటి సీమలను ఏలాడు. కాపయ నాయకుని ఇంటితో అతనికి వియ్యం ఉంది. ఈ వంశం రాజ్యం ఒకటి రెండు తరాలకు మించి నిలవలేదు. అయినా ఊరి రూపురేఖలను ఇప్పటికీ నిర్ణయిస్తున్నది ఆ కాలపు కట్టడమే. ఊరిని గుర్తుపట్టేది కోటను చూసి కాదు, కొండమీది గుడిని చూసి. తన కోసం కట్టుకున్నదాని కంటే ఇతరులకు అప్పగించినదే ఒక వంశాన్ని ఎక్కువ కాలం నిలబెడుతుందని చెప్పడానికి కోరుకొండ గట్టి సాక్ష్యం.

ఊళ్లో ఆలయాలు రెండు: కొండపైన వైకుంఠ నరసింహుడు, దిగువన లక్ష్మీనరసింహుడు. నిటారుగా సాగే మెట్లెక్కి పైకి చేరిన భక్తునికి స్వయంభువుగా కొలిచే చిన్న నరసింహమూర్తి దర్శనమిస్తుంది. గుడికి సంబంధించిన 1353 నాటి (శక 1275) శాసనం దీన్ని ముమ్మడి కాలానికి ముడివేస్తుంది. ఇక్కడ రాతికంటే ముఖ్యమైనది దాని వెనకున్న ఏర్పాటు. ఢిల్లీ సేనల దాడితో శ్రీరంగంలో ఏర్పడ్డ కల్లోలం తర్వాతి రోజులవి. అక్కడి భట్టర్ల పరంపరకు చెందిన పరాశర భట్టరును ముమ్మడి గురువుగా స్వీకరించాడు. 1358 నాటి శ్రీరంగం తామ్రశాసనాలు ఆ గురువుకు గ్రామదానం చేసిన సంగతి చెబుతాయి. పంట పండే ఊరిని రాసివ్వడమంటే పండితులకూ పూజకూ ఏటేటా వచ్చే రాబడి కల్పించడం. దాత గద్దె దిగిపోయినా ఆగని రాబడి అది.

ఇలా కట్టడాలతో, దానాలతో గుర్తుండిపోయిన వంశమంటే ఇటలీలోని ఫ్లారెన్సు మెడిచీలు గుర్తొస్తారు. ఆ పోలిక తేగానే ఒక అభ్యంతరం వస్తుంది. వాళ్లు వడ్డీ వ్యాపారులు, వీళ్లు కత్తి పట్టిన నాయకులు. 1397లో మొదలైన మెడిచీ బ్యాంకు సొమ్ము వర్తకంలోంచి వచ్చింది. ముమ్మడి సంపద డెల్టా వరి పొలాల శిస్తులోంచి వచ్చింది. ఈ తేడా నిజమే. కానీ సొమ్ము పుట్టిన చోటు కాదు, చేరిన చోటు చూడాలి. మెడిచీ వంశపు కోసిమో 1444లో వాస్తుశిల్పి మిఖెలొజ్జో చేత మొదలుపెట్టించిన సొంత భవనం తర్వాత వేరే కుటుంబానికి అమ్ముడుపోయింది. బ్యాంకు 1494లో కూలింది. వంశపు కళాసంపద ఫ్లారెన్సులోనే మిగిలిందంటే, చివరి వారసురాలు అన్నా మరియా లూయిజా 1737లో అది నగరం దాటిపోరాదని ఒప్పందం చేయించడం వల్లే. ముమ్మడి గ్రామదానమూ అలాంటి కట్టుబాటే, అంతకు దాదాపు నాలుగు శతాబ్దాల ముందటిది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. కొండెక్కే భక్తుల నోట వినిపించేది పరాశర మహర్షి ఇక్కడ తపస్సు చేశాడన్న కథే గాని నాయకుని పేరు కాదు. పేరు మరుగునపడినవాడి వారసత్వం అని ఎలా అంటాం? నా దృష్టిలో ఇది ఆ దాతృత్వం ఫలించిన గుర్తు. గుడి ఏలికది కాక ఊరిదైపోయింది. కనుకనే కాపయ నాయకుడు పడిపోయినా, కొండవీటి అనవేమారెడ్డి ఒత్తిడికి కోరుకొండ లొంగినా, తర్వాత రాజమహేంద్రవరం రెడ్ల రాజధానిగా ఎదిగి ఈ ఊరు వెనకబడినా గుడిలో దీపం ఆరలేదు. ఆరు శతాబ్దాల్లో మరమ్మతులు, చేర్పులు జరిగినందువల్ల ప్రతి రాయినీ ముమ్మడికే ఆపాదించడం పొరపాటవుతుంది. ఆలయ నిర్వహణ ఇప్పుడు అన్నవరం దేవస్థానం చేతిలో ఉంది. ఏటా ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి స్వామి కల్యాణం, రథోత్సవం జరుగుతాయి.