కింది స్థాయి సైనిక న్యాయస్థానాలు: అధికారం, హద్దులు

1792 నాటి శ్రీరంగపట్టణం సంధితో కృష్ణగిరి, 1799లో టిప్పు పతనానంతరం హోసూరు ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి వచ్చాయి. కృష్ణగిరి చేరివున్న బారామహల్ సీమలో శిస్తు నిర్ణయించిన రీడ్, మన్రోలు సైనికాధికారులే. అక్కడి రైతుకు శిస్తు కట్టినవారు సైనికులైనట్లే, కంపెనీ మద్రాసు సైన్యంలోని తెలుగు సిపాయికి శిక్ష విధించినవారూ సైనికులే. చిన్న నేరాలను విచారించే రెజిమెంటు కోర్టు మరణశిక్ష వేయజాలదు. కొరడా దెబ్బలు మాత్రం వేయించగలదు. బెంటింక్ 1835లో దేశీయ సిపాయిలకు ఆ శిక్షను రద్దు చేయగా, 1845లో అది తిరిగి వచ్చింది.

నేటి వ్యవస్థకు ఆధారం 1950 నాటి సైనిక చట్టం. అందులోని నాలుగు రకాల కోర్టు మార్షళ్ళలో కింది స్థాయివి రెండు. మొదటిది డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్. పేరు చూసి కృష్ణగిరి జిల్లా కోర్టు వంటిదని భ్రమపడరాదు. ఇందులో కనీసం ముగ్గురు సైనికాధికారులు కూర్చుంటారు. రెండేళ్ళకు మించి జైలు విధించలేరు. రెండవది సమ్మరీ కోర్టు మార్షల్. ఇక్కడ కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే న్యాయనిర్ణేత. మరో ఇద్దరు హాజరుగా ఉంటారు గాని తీర్పులో వారికి పాలు లేదు. లెఫ్టినెంట్ కర్నల్, ఆపై హోదా గలవారు ఏడాది వరకు, అంతకు తక్కువ హోదావారు మూడు నెలల వరకు జైలు వేయవచ్చు. కొలువు నుండి బర్తరఫ్ చేయవచ్చు. సాధారణంగా పైవారి ధ్రువీకరణ లేకుండానే శిక్ష అమలవుతుంది. అయితే ఆఫీసర్లను, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లను ఈ రెండు కోర్టులూ విచారించలేవు.

భాషాధ్యయనం చేసే మనం ప్రత్యేకంగా గమనించవలసిన నియమం ఒకటుంది. సమ్మరీ కోర్టులో నిందితుడు సహాయకుణ్ణి పక్కన ఉంచుకోవచ్చు. కాని ఆ సహాయకుడు వకీలైనా సరే, సాక్షులను ప్రశ్నించరాదు, కోర్టునుద్దేశించి మాట్లాడరాదు. దుబాసీకి నియమాలలో చోటున్నా, తన మాట తానే చెప్పుకోవలసినవాడు సిపాయి. ఇంట తెలుగు, బడిలో తమిళం నేర్చి, హిందీ, ఇంగ్లీషు నడిచే సైన్యంలో చేరిన హోసూరు యువకుడికి ఇది చిన్న విషయం కాదు.

రంజిత్ ఠాకూర్ కేసు ఈ కోర్టు హద్దును తెలుపుతుంది. భోజనం చేయమన్న ఆజ్ఞను తిరస్కరించినందుకు అతనికి సమ్మరీ కోర్టు ఏడాది జైలు, బర్తరఫ్ విధించింది. అతడు అంతకుముందు ఎవరిపై ఫిర్యాదు చేశాడో, ఆ అధికారే ఆ కోర్టులో కూర్చున్నాడు. పక్షపాతానికి తావుందని, శిక్ష నేరానికి మించినదని 1987లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆపైన 2007 చట్టం సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు అప్పీలు మార్గం చూపింది.

సైన్యానికి త్వరిత విచారణ అవసరమే. కాని ఆజ్ఞాపించేవాడే తీర్పరి అయినచోట, పైకోర్టు తలుపు తెరచివుండడమే సిపాయికి రక్ష అని మా అభిప్రాయం.