మ్యూజియం గుమ్మం దగ్గర ఆగిపోయిన 142 ఫోటోలు

ఇవాళ్టి కథ న్యూయార్క్‌ది. కానీ ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట మా నాన్న ఒక రెండు వందల గజాల ప్లాటు కొందామని అడ్వాన్స్ ఇచ్చారు. ఇచ్చాక ఈసీ తీయించారు. (ఇవ్వకముందే తీయించాలి. ఆ మాట మా అమ్మ ఇప్పటికీ నెలకోసారి గుర్తుచేస్తుంది.) చూస్తే ఆ స్థలం మూడేళ్లలో నాలుగు చేతులు మారింది. అమ్మింది బావ, కొన్నది బావమరిది, అతని దగ్గర మళ్లీ కొన్నది ఆ బావ భార్య. నాన్న ఆ కాగితం పట్టుకుని అరుగు మీద కూర్చుని, "పేర్లే నాలుగురా, ఇల్లు ఒకటే" అన్నారు.

సరిగ్గా ఈ పనే ఒక ఆర్టిస్టు చేశాడు. న్యూయార్క్ కౌంటీ క్లర్క్ ఆఫీసుకెళ్లి ఆస్తుల రికార్డులు తిరగేశాడు. ఒక్క ప్లాటుది కాదు, 142 ఆస్తులవి. ఎదురుగా నిలబడి ఒక్కోదానికి ఫోటో తీశాడు. అవన్నీ మ్యూజియం గోడమీద పెడతానన్నాడు. మ్యూజియం ఆ గోడ ఇవ్వకపోవడమే కాదు, అతని ఎగ్జిబిషన్ మొత్తాన్నే రద్దు చేసేసింది. అది 1971. ఆయన పేరు హాన్స్ హాకె.

ఇక్కడ ఒక విషయం తెలియాలి. గ్రూప్ షో వేరు, సోలో షో వేరు. గ్రూప్ షోలో పదిమందిలో మీరొకరు. బాగుంటే బాగుంది, లేకపోతే జనం పక్క బొమ్మకి వెళ్లిపోతారు. గ్యాలరీలో సోలో షో అంటే అది ఒక రకంగా కొట్టు, బొమ్మలు అమ్ముకోవడానికి. మ్యూజియం అమ్మదు. అది ఒక ఆర్టిస్టుకి ఒక్కడికే తలుపులు తీసిందంటే, "ఈ మనిషికి మా పూచీ" అని ఊరందరికీ చెప్పినట్టు. అందుకే ఆర్టిస్టులు దానికోసం జీవితాలు ఎదురుచూస్తారు. హాకెకి ఆ పిలుపు వచ్చేటప్పటికి వయసు 34. పిలిచింది గుగెన్‌హైమ్ మ్యూజియం. ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన తెల్లటి సుడిలాంటి బిల్డింగ్, మీరు సినిమాల్లో చూసే ఉంటారు.

హాకె పుట్టింది జర్మనీలో, కొలోన్‌లో, 1936లో. తర్వాత న్యూయార్క్ వచ్చి కూపర్ యూనియన్ అనే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డాడు. ఆయన బొమ్మలు గీసే రకం కాదు. 1960ల్లో ఒక గాజులాంటి పెట్టె చేశాడు. అందులో కాసిని నీళ్లు పోసి మూసేశాడు, అంతే. గదిలో వేడిని బట్టి, వచ్చే జనాన్ని బట్టి లోపల ఆవిరి పట్టడం, చుక్కలు జారడం, మళ్లీ పట్టడం. ఇంకోసారి మట్టి కుప్ప పోసి గడ్డి మొలిపించాడు. ఇంకోసారి గుడ్లు పొదిగించాడు. "ఇదేం ఆర్ట్ బాబూ" అని మీరనుకుంటే తప్పులేదు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆయన లెక్క ఏంటంటే, ప్రపంచంలో ప్రతిదీ ఒక సిస్టమ్. ఒకచోట కదిపితే ఇంకోచోట కదులుతుంది. దాన్ని కళ్ల ముందు పెట్టడమే తన పని.

నీళ్లు, గడ్డి, కోడిపిల్లలు ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. 1970లో మనుషుల సిస్టమ్ మీదికి వచ్చాడు. న్యూయార్క్‌లోనే ఉన్న మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో, అంటే మోమాలో, ఒక గ్రూప్ షో. అక్కడ రెండు పారదర్శకమైన బ్యాలెట్ బాక్సులు పెట్టి సందర్శకులను ఒక ప్రశ్న అడిగాడు: ఇండోచైనా విషయంలో ప్రెసిడెంట్ నిక్సన్ విధానాన్ని గవర్నర్ రాక్‌ఫెల్లర్ ఖండించలేదు కదా, ఆ కారణంతో నవంబర్‌లో మీరు ఆయనకి ఓటు వేయకుండా ఉంటారా? ఔనన్నవాళ్లు 25,566. కాదన్నవాళ్లు 11,563. ఇందులో అసలు తమాషా ఏంటంటే, మోమాని స్థాపించిన వాళ్లలో ఆ గవర్నర్ తల్లి ఒకరు. ఆయన స్వయంగా ఆ మ్యూజియం ట్రస్టీ. వాళ్లింటి హాల్లో కూర్చుని వాళ్లమీదే ఓటింగ్ పెట్టాడన్నమాట.

ఇది జరిగిన మరుసటి ఏడాదే గుగెన్‌హైమ్ సోలో షో. మూడు భాగాలు అనుకున్నారు. భౌతిక సిస్టమ్స్, జీవ సిస్టమ్స్, సామాజిక సిస్టమ్స్. ఒక మైనా పిట్ట కూడా ప్లాన్‌లో ఉంది. దానికి "అన్ని సిస్టమ్సూ సవ్యంగా ఉన్నాయి" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట నేర్పుతున్నాడు హాకె. జరిగింది తెలిశాక ఆ పిట్టని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది.

గొడవంతా మూడో భాగంతో. అందులో ముఖ్యమైనది హ్యారీ షపోల్‌స్కీ అనే వ్యక్తి, ఆయన కుటుంబం, భాగస్వాముల ఆస్తుల మీద చేసిన వర్క్. ఆ ఆస్తులు ఎక్కువగా లోయర్ ఈస్ట్ సైడ్‌లో, హార్లెమ్‌లో ఉన్నాయి. అప్పట్లో రెండూ పేదలు అద్దెకుండే పేటలే. కాగితాల మీద చూస్తే ఓనర్లు దాదాపు 70 కంపెనీలు. ఆ కంపెనీలు తమలో తామే కొనుక్కుంటాయి, అమ్ముకుంటాయి, తాకట్టు పెట్టుకుంటాయి. దీనికి మనకి ఒక్క మాట చాలు, చిన్నపిల్లలకీ తెలిసిన మాట: బినామీ.

హాకె ఒక్క విమర్శ కూడా రాయలేదు. "దోపిడీ" అన్న మాట లేదు. ఒక్కో ఫోటో కింద ఒక టైపు కొట్టిన కాగితం. అడ్రస్, బ్లాక్ నంబర్, లాట్ నంబర్, స్థలం కొలత, ఎవరి పేరున ఉంది, ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, తాకట్టు ఎంత, పన్ను కోసం కట్టిన విలువ ఎంత. అంతే. ఎవరైనా వెళ్లి అడిగితే ఇచ్చే పబ్లిక్ రికార్డే అదంతా.

మ్యూజియం డైరెక్టర్ థామస్ మెస్సర్ కుదరదన్నాడు. ఆయన వాదన కూడా విందాం, ఎందుకంటే ఆయన్ని సినిమా విలన్‌లా చూపించి వదిలేయడం నాకిష్టం లేదు. మ్యూజియం ఉన్నది కళకోసం, చదువుకోసం అన్నాడు. సమాజం గురించి కళ మాట్లాడొచ్చు, కానీ ప్రతీకలుగా మాట్లాడాలి, ఫలానా వ్యక్తి పేరు, ఫలానా డోర్ నంబర్ అంటూ కాదు అన్నాడు. పరువునష్టం కేసు పడితే ఎవరు కడతారు అన్నాడు. ఆ చివరి భయం నాకు అర్థమవుతుంది. పెద్ద సంస్థ నడిపేవాడికి లాయర్ నోటీసు అంటే నిద్ర పట్టదు. కానీ హాకె ఒక దశలో పేర్లు మార్చి పెడతాను అని కూడా ముందుకొచ్చాడు. అయినా ఒప్పుకోలేదు. దాన్నిబట్టి నాకనిపించేది, సమస్య కోర్టు ఒక్కటే కాదు. తర్వాత మెస్సర్ ఒక పత్రికలో రాస్తూ, మ్యూజియం అనే శరీరంలోకి చొరబడ్డ పరాయి పదార్థాన్ని అడ్డుకోవాల్సి వచ్చింది అన్న అర్థంలో రాశాడు. ఆవిరి కళ, గడ్డి కళ, రిజిస్ట్రేషన్ కాగితం మాత్రం పరాయి పదార్థం.

ఓపెనింగ్ ఏప్రిల్ చివరి రోజున. దానికి కొన్ని వారాల ముందు షో రద్దయింది.

ఈ కథలో అందరూ హాకె గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఎడ్వర్డ్ ఫ్రై దగ్గరే మనసు ఆగిపోతుంది. ఆయన ఆ షో క్యూరేటర్. క్యూబిజం మీద పుస్తకం తెచ్చిన పండితుడు. రెండేళ్ల ముందే, 1969లో, అదే మ్యూజియంలో డేవిడ్ స్మిత్ అనే శిల్పికి పెద్ద సోలో షో చేసిపెట్టాడు. ఇప్పుడు నోరు మూసుకుని ఊరుకుంటే ఉద్యోగం ఉండేది. ఊరుకోలేదు. ఆ వర్క్స్ కళే, వాటిని చూపించాల్సిందే అని బహిరంగంగా అన్నాడు. తీసేశారు. ఆ తర్వాత అమెరికాలో ఏ మ్యూజియమూ ఆయనకి మళ్లీ ఉద్యోగం ఇవ్వలేదని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. హాకెకి కనీసం పేరొచ్చింది. ఫ్రైకి అదీ లేదు, ఇవాళ మీరు ఈ పేరు వినడం ఇదే మొదటిసారి కదా?

వందమందికి పైగా ఆర్టిస్టులు, పద్ధతి మారేదాకా గుగెన్‌హైమ్‌లో మా వర్క్స్ పెట్టం అని సంతకాలు చేశారు. ట్రస్టీలకీ షపోల్‌స్కీకీ ఏదో లోపాయికారీ సంబంధం ఉందని పుకారు కూడా లేచింది. దానికి ఆధారం ఏదీ బయటపడలేదు. ఈ కథ చెప్పే చాలామంది ఈ ముక్క మింగేస్తారు, అందుకే నేను గట్టిగా చెబుతున్నాను.

హాకె మాత్రం మర్చిపోలేదు. 1974లో ఆ మ్యూజియం ట్రస్టీల మీదే ఒక వర్క్ చేశాడు. ఏడు ప్యానెళ్లు. ఎవరెవరు ఏ కంపెనీ బోర్డుల్లో ఉన్నారో వరసగా రాశాడు. అందులో కెన్నెకాట్ అనే రాగి కంపెనీ ఉంది, చిలీలో దాని గనుల్ని అలెండె ప్రభుత్వం జాతీయం చేసింది. 1973లో ఆ అలెండె సైనిక కుట్రలో పోయాడని మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడా హాకె ఏమీ అనలేదు. పక్కపక్కన పెట్టాడు, అంతే.

అదే ఏడాది సొంతూరు కొలోన్‌లోనూ ఇలాగే జరిగింది. అక్కడి మ్యూజియంలో మానే వేసిన ఆస్పరాగస్ కట్ట బొమ్మ ఒకటుంది. అది ఎవరి చేతుల మీదుగా ఎలా వచ్చిందో పది ప్యానెళ్లలో చెబుతానన్నాడు. దాన్ని మ్యూజియానికి తెప్పించిన పెద్దమనిషి హెర్మన్ యోసెఫ్ ఆబ్స్, పెద్ద బ్యాంకరు. హిట్లర్ కాలంలో ఆయన ఏ పదవుల్లో ఉన్నాడో కూడా అందులో ఉంది. మ్యూజియం వద్దంది. దాని తీరు మారలేదు, ఈయన తీరూ మారలేదు.

అమెరికాలో ఆయనకి పెద్ద మ్యూజియం సోలో షో దొరికింది 1986లో, న్యూయార్క్ న్యూ మ్యూజియంలో. పదిహేనేళ్లు. 34 ఏళ్లవాడు 50కి వచ్చాడు. మళ్లీ అదే న్యూ మ్యూజియం 2019లో ఇంకో పెద్ద షో చేసింది, అప్పటికి ఆయన వయసు 83.

మరి ఆ 142 ఫోటోలు? 2007లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం, బార్సిలోనాలోని మక్బా కలిసి కొనుక్కున్నాయి. గుగెన్‌హైమ్‌కి కొంతదూరంలో, అదే ఊళ్లో, అదే వర్క్ ఇప్పుడు మ్యూజియం ఆస్తి. లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఈరోజు అద్దెలు చూస్తే మీకు కళ్లు తిరుగుతాయి, ఆ ఫోటోల్లో కిటికీ అద్దాలు పగిలిన ఇళ్లు కనిపిస్తాయి.

విట్నీ వెబ్‌సైట్లో ఈ వర్క్ గురించి చూడొచ్చు. ఫోన్లో ఫోటో పెద్దది చేసుకుని ఒక్క కాగితమైనా పూర్తిగా చదవండి. మా నాన్నకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని, కొన్నవాళ్ల పేర్లూ అమ్మినవాళ్ల పేర్లూ వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లి, "అడ్వాన్స్ ఇచ్చేశారా వీళ్లకి?" అన్నారు.

సరే ఫ్రెండ్స్, వచ్చేవారం కలుద్దాం.