అటక మీది పెట్టెలో నలుపు తెలుపు పెళ్ళి

ఈ రోజు మిరప రేట్ల సంగతి పక్కన పెడదాం.

ఈ మధ్య పెళ్ళిళ్ళలో చూస్తున్నారు కదా, వేలకొద్దీ రంగుల ఫోటోలు తీసి, వాటిలో నాలుగైదింటిని నలుపు తెలుపు చేసి ఆల్బంలో పెడుతున్నారు. బాగుంటున్నాయి, కాదనను. మన తాతల కాలంలో మాత్రం అది మోజు కాదండీ, ఉన్నదే అది.

120 రోలు అనేవాళ్ళు. చదరపు ఫోటోలైతే రోలుకి పన్నెండే. తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో ఫిలిం, ఊటీలో కేంద్ర ప్రభుత్వం 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళ ఇందు ఫిలిం వాడేవాళ్ళు. పన్నెండింటిలోనే జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, వియ్యాలవారితో గ్రూపు ఫోటో అన్నీ సర్దాలి. రాత్రి ముహూర్తమైతే ఫ్లాష్ బల్బు కావాలి. ఆ బల్బు ఒక్కసారి వెలిగితే ఇక పారేయడమే. తాళి కట్టేటప్పుడు అది వెలగలేదంటే ఆ క్షణం పోయినట్టే. గ్రూపు ఫోటోకి అందరినీ తెల్లారాక పందిరి బయట ఎండలో నిలబెట్టింది కూడా వెలుతురు కోసమే. ముసలాళ్ళ మొహాలు అంత బిగుసుకుపోయి ఉన్నాయంటే కోపంతో కాదు, కదలొద్దని చెప్పినందుకు.

ఇంకో సంగతి. మరీ పాతకాలపు ఫిలింకి ఎరుపు తెలిసేది కాదు, నల్లగా పడేది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని దానితో తీస్తే బొగ్గుల కుప్పలా కనపడేవి. కాబట్టి ముత్తవ్వ పెళ్ళి ఫోటోలో నల్లచీర కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. పెళ్ళిపీటల మీద నల్లచీర ఎవరు కడతారు? అది ఎర్రచీరే అయ్యుంటుంది. అన్ని రంగుల్నీ పట్టే ఫిలిం తరువాత వచ్చింది.

రంగుల ఫిలిం వచ్చాక కూడా నలుపు తెలుపు చాలా ఏళ్ళు నడిచింది. కారణం ఖర్చొక్కటే కాదు. నలుపు తెలుపైతే స్టూడియో ఆయనే చీకటిగదిలో కడుక్కునేవాడు. రంగులకి మందుల వేడి కూడా లెక్క తప్పకూడదు, పట్నంలో ల్యాబు ఉండాలి. 1980ల్లో ల్యాబులు పెరిగాకే మన పెళ్ళిళ్ళు రంగుల్లోకి మారాయి.

విచిత్రమేంటంటే, ఆ రంగుల ఆల్బంలే ముందు పాడవుతున్నాయి. రంగు ఫోటోలో ఉండేది అద్దకం. ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోయి మొహాలు ఎర్రబారతాయి. నలుపు తెలుపులో బొమ్మ వెండి రేణువులది. హైపోలో ఉంచాక మంచినీళ్ళతో బాగా కడిగిన ఫోటో వందేళ్ళైనా ఉంటుంది. సరిగ్గా కడగనివే పసుపు మరకలు పడతాయి.

మన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన గ్రంథాలయం. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. కానీ మన అవ్వ ఏ నగ పెట్టుకుందో, పందిరి ఎట్లా వేశారో, పెళ్ళికి ఎవరెవరు వచ్చారో ఏ పత్రికలో ఉంటుంది? మన పెట్టెల్లో తప్ప ఎక్కడా లేదు. మనమేమో ఇల్లు కొత్తగా కట్టేటప్పుడు ఆ పెట్టెనే ముందు బయట పడేస్తున్నాం.

మనది ఉప్పుగాలి ఊరు. తేమ తగిలితే మిరపకాయకి పట్టినట్టే ఫోటోకీ బూజు పడుతుంది. నెగటివులు దొరికితే పారేయొద్దు, ఫోటో కన్నా అవే విలువైనవి. పాలిథిన్ సంచిలో కట్టకుండా కాగితం కవర్లలో పెట్టి పొడి చోట దాచండి. ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోతే పీకకండి, ఊడొస్తుంది. అద్దం మీద నుంచే స్కాన్ చేయించండి. తరువాత ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, అందులో ఎవరెవరో అడిగి మెత్తటి పెన్సిల్‌తో వెనక రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకి దిగుతుంది. మా ఇంటి గ్రూపు ఫోటోలో రెండో వరసలో ముగ్గురి పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఒక్కరే ఉన్నారు.