పదో తరగతి దాటాక దారి ఎవరి చేతిలో ఉంది? జిల్లా స్థాయిలో వృత్తివిద్య నిర్వహణపై ఒక పరిశీలన

ప్లస్ టూ విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతం మందిని, 1995 నాటికి 25 శాతం మందిని వృత్తివిద్యా కోర్సుల్లోకి తీసుకురావాలని 1986 జాతీయ విద్యావిధానం లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువులు రెండూ దాటిపోయాయి. మరో పాతికేళ్లకు వచ్చిన 2020 విధానం, 19 నుంచి 24 ఏళ్ల వయసున్న శ్రామికుల్లో పద్ధతి ప్రకారం వృత్తివిద్య పొందినవాళ్లు 5 శాతం కూడా లేరన్న పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాను ఎత్తిచూపి, 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్యతో పరిచయం కలగాలంటూ కొత్త గడువు పెట్టింది. ఈ వైఫల్యానికి మన దగ్గర తరచుగా వినిపించే వివరణ ఒక్కటే: తల్లిదండ్రులకు ఎంపీసీ, బైపీసీల మీద తప్ప మరో చదువు మీద మోజు లేదు, చేతిపని అంటే చిన్నచూపు. కానీ ఆ విధాన పత్రమే ఇంకో కారణాన్ని ఒప్పుకుంది. వృత్తి కోర్సులు చదివి బయటికొచ్చినవాళ్లకు అదే రంగంలో పై చదువుకు స్పష్టమైన దారి లేదనీ, డిగ్రీ ప్రవేశ నిబంధనలు వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావనీ అందులో ఉంది. ఈ రెండో కారణానిదే ఎక్కువ బరువని నా వాదన. తరువాతి మెట్టు కనిపిస్తే మన తల్లిదండ్రులు వృత్తివిద్యను కాదనరు. ఆ మెట్టును ఊరికి అందేలా అమర్చగలిగేది జిల్లా యంత్రాంగం. అయితే ఆ పని ఫలానావారిదని చెప్పే ఏర్పాటు ఇప్పుడు ఏ జిల్లాలోనూ లేదు.

చిన్నచూపు వాదన నిలవదనడానికి రుజువు తెలుగు నేల మీదే ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా అచ్చంగా వృత్తి కోర్సే. వర్క్‌షాపులో ఫిట్టింగ్ పట్టిస్తారు, డ్రాయింగ్ బోర్డు మీద నిలబెడతారు. అయినా రెండు రాష్ట్రాల్లోనూ ఏటా పాలిసెట్ రాసేవాళ్లకు కొదవ లేదు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఉద్యోగంలో చేరవచ్చు, లేదా ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో అడుగుపెట్టవచ్చు. వ్యవసాయ డిప్లొమా చేసినవాళ్లకు బీఎస్సీ వ్యవసాయంలో చేరడానికి అగ్రిసెట్ ఉంది. ఇప్పుడు ఇంటర్ వృత్తి కోర్సుల సంగతి చూడండి. ఆటోమొబైల్, ల్యాబ్ టెక్నీషియన్, పంటల ఉత్పత్తి, అకౌంటింగ్ లాంటివి ఇంటర్ బోర్డు దశాబ్దాలుగా నడుపుతోంది. ఇంజినీరింగ్ వైపో, సైన్సు డిగ్రీ వైపో వెళ్లాలంటే మాత్రం ఆ విద్యార్థి తన కోర్సుతోపాటు లెక్కలు, సైన్సు సబ్జెక్టుల్లో బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా గట్టెక్కాలి. అసలు కోర్సులో ఉండాల్సిన సబ్జెక్టును అదనపు బరువుగా తలకెత్తారన్నమాట. ఈసెట్ వల్ల డిప్లొమా కాస్తా బీటెక్‌కు దొడ్డిదారి అయిపోయిందని సాంకేతిక విద్యావేత్తలు కొందరు నొచ్చుకుంటారు. ఆ ఫిర్యాదులో నిజముంది. కానీ పైకి వెళ్లే వీలు ఉన్నందువల్లే డిప్లొమాతో ఆగిపోయేవాళ్లు కూడా ఆ కోర్సులో ధైర్యంగా చేరారు. పై తలుపు మూసేస్తే కింద చేరేవాళ్లే ఉండరు.

మండల కేంద్రంలోని ఒక ఉన్నత పాఠశాలను తీసుకుందాం. సమగ్ర శిక్ష కింద అక్కడ తొమ్మిది, పది తరగతుల్లో వ్యవసాయం ట్రేడు నడుస్తోంది. విద్యార్థిని రెండేళ్లు నారుమడి, ఎరువులు, బిందుసేద్యం గురించి నేర్చుకుంది. పది ఫలితాలు వచ్చాక ఆమె ముందు నాలుగైదు కిటికీలు తెరుచుకుంటాయి. ఇంటర్ ప్రవేశాలు బోర్డువి, పాలిటెక్నిక్ సీట్లు సాంకేతిక విద్యాశాఖవి, ఐటీఐ సీట్లు ఉపాధి శిక్షణ శాఖవి, వ్యవసాయ డిప్లొమా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, ఆరేళ్ల సమీకృత బీటెక్ కావాలంటే ట్రిపుల్ ఐటీలు నడిపే ఆర్జీయూకేటీది. ప్రతి ఒక్కరికీ వేరే వెబ్‌సైటు, వేరే గడువు, వేరే ధ్రువపత్రాల జాబితా. పాలిసెట్ అడిగేది లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు, తెలంగాణలో వ్యవసాయ డిప్లొమా కోరేవాళ్లకు జీవశాస్త్రం కూడా. ఆమె పొలంలో నేర్చుకున్న రెండేళ్ల చదువు ఆ ర్యాంకులో ఎక్కడా లెక్కకు రాదు. జిల్లా విద్యాశాఖాధికారి బాధ్యత పదో తరగతితో తీరిపోతుంది. తెలంగాణలోనైతే ఇంటర్‌కు జిల్లా ఇంటర్ విద్యాధికారి విడిగా ఉంటారు. ఐటీఐ ప్రిన్సిపాల్ జవాబు చెప్పేది మరో శాఖకు. ఈ శాఖలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టగల అధికారం కలెక్టరుకు ఉంది గానీ, ఆ విద్యార్థిని వ్యవసాయ డిప్లొమాలో చేరిందా, దగ్గర్లో సీటు దొరక్క సీఈసీలో చేరిందా అన్నది ఏ సమీక్షలోనూ ప్రశ్నగా రాదు. సమీక్షలో అడిగేది ఎన్ని బడుల్లో ట్రేడు పెట్టారు, ఎందరు చేరారు, పరికరాలు అందాయా అన్నవే.

ఒకే యంత్రాంగం దారి మొత్తాన్ని చూసుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా అనుభవం పనికొస్తుంది. అక్కడ స్కూల్ డిస్ట్రిక్టు అనేది బడి చదువు మొత్తానికీ బాధ్యత వహించే స్థానిక సంస్థ. 1969లో ఫిలడెల్ఫియాలోని ఒక హైస్కూల్లో స్థానిక విద్యుత్ సంస్థ తోడ్పాటుతో తొలి కెరీర్ అకాడమీ మొదలైంది. ఒక పెద్ద బడిలో కొందరు విద్యార్థులను చిన్న బృందంగా చేర్చి, మామూలు పాఠ్యాంశాలను తగ్గించకుండా ఒక వృత్తి రంగం చుట్టూ అల్లి, స్థానిక యాజమాన్యాలను లోపలికి తేవడం ఈ పద్ధతి. తొమ్మిది హైస్కూళ్లలో లాటరీ పద్ధతిన విద్యార్థులను ఎంపిక చేసి ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ సుదీర్ఘకాలం గమనించింది. బడి ముగించాల్సిన సమయానికి ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే, అకాడమీలో చోటు దొరికినవాళ్ల సంపాదన దొరకనివాళ్లకన్నా సగటున 11 శాతం ఎక్కువ. కాలేజీ చదువుల్లో రెండు బృందాలూ సమానంగానే నిలిచాయి. అంటే వృత్తి చదువు పై చదువును మింగేయలేదు. అయితే ఈ ఫలితంలో చాలామంది పట్టించుకోకుండా వదిలేసే ముక్క ఒకటుంది. సంపాదనలో చెప్పుకోదగ్గ లాభం అబ్బాయిలకే దక్కింది, అమ్మాయిల్లో లెక్కలోకి తీసుకోదగ్గ తేడా రాలేదు. కనెక్టికట్ రాష్ట్రంలోని సాంకేతిక హైస్కూళ్ల మీద బ్రన్నర్, డోర్టీ, రాస్ చేసిన అధ్యయనంలోనూ అంతే: అబ్బాయిల సంపాదన దాదాపు 30 శాతం పెరిగింది, అమ్మాయిల విషయంలో ప్రభావం కనబడలేదు. అమ్మాయిలను బ్యూటీ అండ్ వెల్‌నెస్ ట్రేడుకూ అబ్బాయిలను ఎలక్ట్రానిక్స్‌కూ అలవాటుగా పంపే మన బడులు ఈ ముక్కను శ్రద్ధగా చదువుకోవాలి. ట్రేడు కేటాయింపు పైకి చిన్న గుమాస్తా పనిలా కనిపించినా, ఏ ఆడపిల్ల రేపు ఎంత జీతానికి పనిచేస్తుందో సగం అక్కడే తేలిపోతుంది.

వృత్తివిద్య అనగానే ఎదురయ్యే అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కులం. 1953లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలోని గ్రామీణ ప్రాథమిక బడుల్లో బడివేళలు కుదించి, మిగిలిన సమయంలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలని పథకం తెచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. ద్రావిడ ఉద్యమం దాన్ని కులవిద్య అని ఎండగట్టింది. 1954లో కామరాజ్ రాగానే పథకం రద్దయింది. చాకలి బిడ్డను మళ్లీ చాకిరేవుకే పంపే చదువు చదువే కాదన్న ఆ ఆగ్రహం న్యాయమైనది, ఇప్పటికీ వర్తించేది. పేద, నల్లజాతి పిల్లలను తక్కువ స్థాయి తరగతుల్లోకి ఎలా మళ్లిస్తున్నారో విద్యా పరిశోధకురాలు జీనీ ఓక్స్ 1985లో చూపించిన అమెరికా పరిస్థితీ దీనికి దూరపు చుట్టం కాదు. కానీ ఈ అభ్యంతరం గురిపెట్టేది మూసుకుపోయిన దారి మీద. తండ్రి వృత్తిని బట్టి బిడ్డ కోర్సు తేలినప్పుడు, లెక్కలు, సైన్సు తీసేసినప్పుడు, వెనక్కి వచ్చే వీలు లేనప్పుడు అది కులవిద్యే అవుతుంది. కాబట్టి ఇంటర్ వృత్తి కోర్సుకు లెక్కలూ సైన్సూ లోపలి భాగంగా ఉండాలన్నది బోధన పద్ధతికి సంబంధించిన సూచన మాత్రమే కాదు, సామాజిక న్యాయం కోసం అడిగేది. నైపుణ్యం త్వరగా పాతబడుతుందన్న ఆర్థికవేత్తల హెచ్చరికకూ ఇదే జవాబు. హనుషెక్, ఆయన సహచరులు 2017లో 11 దేశాల సమాచారంతో చూపించింది ఇదే: వృత్తి చదువుతో ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, వయసు పైబడే కొద్దీ ఆ లాభం కరిగిపోతుంది. సాధారణ విద్య పునాది బలంగా ఉన్నవాడు మారిన యంత్రాన్ని మళ్లీ నేర్చుకోగలడు.

సిలబస్ రాష్ట్రానిది, పరీక్ష బోర్డుది, జిల్లా చేతిలో ఏముందని అడగవచ్చు. సిలబస్ జిల్లాకు అక్కర్లేదు. అమెరికా డిస్ట్రిక్టులు కూడా రాష్ట్ర ప్రమాణాలకు లోబడే పనిచేస్తాయి. ఏ బడిలో ఏ ట్రేడు పెట్టాలన్న ప్రతిపాదనలో జిల్లాకు నోరుంది. బస్సులో గంటలోపు చేరగల దూరంలో ఆ ట్రేడుకు తరువాతి మెట్టయిన ఐటీఐ గానీ పాలిటెక్నిక్ గానీ లేకపోతే, ఆ ట్రేడు అక్కడ పెట్టవద్దని చెప్పవచ్చు. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. ఆ యంత్రాలను చుట్టుపక్కల బడుల తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికి ఒక పూట చూపించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఇద్దరు అధికారులు ఒక టైంటేబుల్ మీద ఒప్పుకుంటే చాలు. బ్రిడ్జి కోర్సు తరగతులు కాలేజీ విడిచాక కాకుండా పనివేళల్లో జరిగేలా చూడడం జిల్లా ఇంటర్ అధికారి చేయగల పని. బడుల్లో ఈ ట్రేడులు నేర్పే ఒప్పంద శిక్షకుల జీతాలు సకాలంలో అందుతున్నాయా, ఏడాది మధ్యలో ఎందరు మానేస్తున్నారు అన్నవి కూడా కలెక్టరు సమీక్షలోకి రావాలి. శిక్షకుడు మారిన ప్రతిసారీ ఆ ట్రేడు మళ్లీ మొదటికొస్తుంది.

వీటన్నిటికన్నా ముందు కొలిచేదాన్ని మార్చాలి. చేరికల సంఖ్య బదులు, పదో తరగతిలో వృత్తి ట్రేడు చదివిన ప్రతి విద్యార్థి మరుసటి అక్టోబరు నాటికి ఎక్కడున్నారన్న జాబితా ఒకటి కలెక్టరు బల్ల మీద ఉండాలి. దానికి కావలసిన పేర్లన్నీ బడి రిజిస్టర్లలోనూ ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్ ప్రవేశ జాబితాల్లోనూ ఇప్పటికే ఉన్నాయి. నాలుగు శాఖల గుమాస్తాలు ఒక గదిలో కూర్చుని వాటిని కలిపి సరిచూడడమే మిగిలింది. ఏ ట్రేడు పిల్లలు తమ రంగంలోనే ముందుకు వెళ్లారో, ఏ ట్రేడు పిల్లలు చెల్లాచెదురయ్యారో ఆ జాబితాలో మండలాల వారీగా తేలుతుంది. వచ్చే ఏడాది ఏ ట్రేడు ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి అన్న నిర్ణయం దాన్ని ముందు పెట్టుకుని తీసుకోవచ్చు.