కలం అందని పిల్లల డైరీలు

దొరసాని కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెబుతోంది. పక్కన పన్నెండేళ్ల క్లోటీ నిలబడి విసనకర్ర విసురుతోంది. చినబాబుకు ఉక్కపోయకుండా చూడటం ఆమె పని. విసిరే చెయ్యి ఆగదు, చూపు మాత్రం పుస్తకం మీదే. దొరసాని పలికిన అక్షరాన్ని మనసులోనే పలుక్కుంటుంది, దాని ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అలా విసనకర్ర చాటున ఆ పిల్లకు చదువు వచ్చేసింది. ఆ సంగతి ఎవరి కంటా పడకూడదు. పడితే కొరడా దెబ్బలు, లేదంటే ఇంకెవరికో అమ్మేస్తారు. అది 1859. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, బెల్మాంట్ అనే తోట.

క్లోటీ నిజంగా పుట్టిన పిల్ల కాదు. ప్యాట్రీషియా మెకిసాక్ అనే ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి 1997లో రాసిన ‘ఎ పిక్చర్ ఆఫ్ ఫ్రీడమ్’ అనే డైరీ నవలలో కథానాయిక. క్లోటీకి ఒక అలవాటు ఉంది. నేర్చుకున్న మాటను రాసి, దాని బొమ్మ మనసులో కనిపిస్తుందా అని చూసుకుంటుంది. తెలిసిన మాటలకు బొమ్మలు కనిపిస్తాయి. ‘స్వేచ్ఛ’ అని రాస్తే మాత్రం ఏమీ కనిపించదు. పుస్తకమంతా ఆ బొమ్మ కోసం వెతుకులాటే.

రేపేమిటో తెలియని పిల్లలు

ఈ పుస్తకం ‘డియర్ అమెరికా’ అనే వరసలోది. స్కొలాస్టిక్ సంస్థ 1996లో దీన్ని మొదలుపెట్టింది. అల్లకల్లోలంగా ఉన్న ఒక కాలాన్ని తీసుకోవడం, ఆ కాలంలో బతికిన ఒక ఆడపిల్లను ఊహించడం, ఆమె చేత డైరీ రాయించడం, ఇదీ పద్ధతి. 1620లో మేఫ్లవర్ ఓడ ఎక్కిన పిల్ల, 1777 చలికాలంలో వాషింగ్టన్ సైన్యం వ్యాలీ ఫోర్జ్‌లో పడ్డ అవస్థలు చూసిన పిల్ల, 1847లో లోవెల్ నూలు మిల్లులో పనికి చేరిన ఐర్లండ్ పిల్ల, 1935లో టెక్సాస్ దుమ్ము తుపానుల మధ్య బతికిన పిల్ల ఇలా ఒక్కొక్కరుగా మన ముందుకు వస్తారు. ఇదే సంస్థ తెచ్చిన రాకుమార్తెల డైరీల్లో మన షాజహాన్ కూతురు జహనారా కూడా ఉంది.

డైరీ రాసే పిల్లకు రేపు ఏం జరుగుతుందో తెలియదు. చదివే మనకు తెలుసు. ఈ రచనల బలమంతా అక్కడే ఉంది. న్యూయార్క్‌లో చొక్కాలు కుట్టే ఇటాలియన్ పిల్ల ఏంజెలా 1909లో డైరీ మొదలుపెడుతుంది. సమ్మెకు దిగాలా వద్దా, జీతం పోతే ఇల్లెలా గడుస్తుంది అన్నదే ఆమె దిగులు. మనకు మాత్రం 1911 మార్చి 25 కళ్లముందు కదులుతూ ఉంటుంది. ఆ రోజు ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. బయటికి పోయే తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది వలస వచ్చిన కుటుంబాల యువతులే. చరిత్ర పాఠంలో 146 ఒక అంకె. పేజీలు తిప్పుతూ ఏంజెలాతో కలిసి నడిచిన పిల్లకు ఆ అంకెలో ముఖాలు కనిపిస్తాయి.

రాయగలిగినవాళ్లు, రాయలేనివాళ్లు

నిజమైన డైరీలు లేవా అంటే ఉన్నాయి. 1864లో అంతర్యుద్ధం అట్లాంటా నగరాన్ని చుట్టుముట్టినప్పుడు క్యారీ బెర్రీ అనే పాప డైరీ రాసింది. ఆ ఆగస్టులో ఆమెకు పదేళ్లు నిండాయి. కేకు లేదు, రోజులు బాగాలేవు. పుట్టినరోజంతా బట్టలు ఇస్త్రీ చేస్తూ గడిపానని రాసుకుంది. ఫిలడెల్ఫియాలో స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి అమ్మాయి షార్లెట్ ఫోర్టెన్ 1854 మేలో, పదహారేళ్ల వయసులో డైరీ మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఆంథనీ బర్న్స్‌ను బోస్టన్‌లో పట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే వర్జీనియాకు తిప్పి పంపారు. ఆమె పడ్డ వేదన ఆ పేజీల్లో ఉంది.

ఆ ఇద్దరికీ అక్షరం వచ్చు, కాగితం దొరికింది. 1860 జనాభా లెక్కల నాటికి అమెరికాలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. వాళ్లకు చదువు చెప్పడాన్ని దక్షిణాదిలో చాలా రాష్ట్రాలు నేరంగా చూశాయి. వర్జీనియా 1831లోనే చట్టం చేసింది. బానిసల పిల్లల బాల్యాన్ని వాళ్ల మాటల్లోనే వినాలంటే ఏ భోషాణంలో వెతకాలి? అందుకే క్లోటీ లాంటి పాత్ర అవసరమైంది.

జాయిస్ హాన్సెన్ రాసిన ప్యాట్సీ కూడా అలాంటిదే. కాలం 1865, చోటు సౌత్ కరోలినా. ఈ పిల్లకు రాయడం ఏం వస్తుందిలే అని దొరల పిల్లలు ఆటపట్టించడానికి ఒక ఖాళీ డైరీ చేతిలో పెడతారు. ఆమె అప్పటికే గుట్టుగా చదువు నేర్చుకుంది. వాళ్లు నవ్వులాటకు ఇచ్చిన ఆ పుస్తకాన్నే నింపుతుంది. బానిసత్వం పోయాక తన పేరు తానే పెట్టుకుంటుంది. కవయిత్రి ఫిలిస్ వీట్లీ నుంచి ఒక ముక్క, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ నుంచి ఒక ముక్క.

సమాధి రాళ్ల మీది పేర్లు

ఇదే వరసలో 1999లో వచ్చిన ఒక పుస్తకం మాత్రం చాలామంది మనసు గాయపరిచింది. యాన్ రినాల్డి రాసిన ‘మై హార్ట్ ఈజ్ ఆన్ ది గ్రౌండ్’ అది. 1880లో కార్లైల్ ఇండియన్ స్కూల్లో చేరిన, సూ అనే అమెరికా మూలవాసీ జాతి బాలిక డైరీగా రాశారు.

కార్లైల్ మామూలు బడి కాదు. రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి 1879లో పెన్సిల్వేనియాలోని పాత సైనిక బ్యారకుల్లో దాన్ని తెరిచాడు. మూలవాసుల పిల్లలను రైళ్లలో తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాన్పించి తెల్లవాళ్ల తీరుకు మార్చడం దాని లక్ష్యం. మొదటి విడతలో వెళ్లిన లకోటా బాలుడు లూథర్ స్టాండింగ్ బేర్ పెద్దయ్యాక ఒక సంగతి రాశారు. నల్లబల్ల మీద ఏవో గీతలు గీశారు. చేతికి ఒక కర్ర ఇచ్చి వాటిలో ఒకదాన్ని చూపించమన్నారు. అవి తెల్లవాళ్ల పేర్లని చెప్పారు గానీ, వాటిని చదవడం ఆ పిల్లవాడికి రాదు. తోచినదాన్ని చూపించాడు. ఆ రోజు నుంచి అతను లూథర్.

ఆ బడి ఆవరణలోనే శ్మశానం ఉంది. ఇంటికి తిరిగి వెళ్లలేకపోయిన పిల్లలు అక్కడే ఉండిపోయారు. రినాల్డి తన పాత్రలకు ఆ సమాధి రాళ్ల మీది పేర్లు కొన్ని తీసుకున్నారు. కథలో బడి మంచిదే అనిపించేలా ముగించారు. మూలవాసీ రచయిత్రులు, విద్యావేత్తలు కలిసి ఆ పుస్తకం మీద సుదీర్ఘమైన విమర్శ రాశారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. ఉన్న పేరు ఒకసారి పోగొట్టుకున్న పిల్లల మిగిలిన పేరును కూడా ఇంకో కథకు వాడుకున్నట్టయింది. పైగా ఈ వరసలో తొలినాళ్ల పుస్తకాల అట్ట మీద రచయిత పేరు ఉండేది కాదు. నిజమైన డైరీ అని నమ్మిన పిల్లలను తప్పుపట్టలేం.

2017 నుంచి అమెరికా సైన్యం ఆ శ్మశానంలోని పిల్లల అవశేషాలను వాళ్ల జాతివారికి అప్పగిస్తోంది. వందేళ్లు దాటాక ఆ పిల్లలు ఇంటికి వెళ్తున్నారు.

క్లోటీకి నిజమైన డైరీ ఉండే వీలే లేదు కాబట్టి మెకిసాక్ ఊహ ఆ ఖాళీని గౌరవంగా నింపింది. బోర్డింగ్ స్కూళ్లలో చదివిన మూలవాసీ బాలికల సంగతి అలా కాదు. జిట్కాలా-షా అనే డకోటా రచయిత్రి ఇండియానాలోని అలాంటి బడిలో గడిపిన తన బాల్యాన్ని 1900లో అట్లాంటిక్ మంత్లీలో రాసింది. ఆమె జనంలో జుట్టు కత్తిరించడమంటే చావు దుఃఖానికో, పిరికితనానికో గుర్తు. కత్తెర వస్తోందని తెలిసి ఆ ఎనిమిదేళ్ల పిల్ల మంచం కింద దాక్కుంది. ఈడ్చుకొచ్చి, కుర్చీకి కట్టేసి జడలు కత్తిరించారు.

మన పిల్లల చేతికి ఈ డైరీ నవలలు ఇద్దాం. ఇచ్చే ముందు ఇది ఎవరు ఊహించి రాశారో చెబుదాం. చివర ఉండే చారిత్రక వివరణను కలిసి చదువుదాం. అలాగే మంచం కింద దాక్కున్న ఆ పిల్ల తానే చెప్పిన మాటలను కూడా ఆ పుస్తకాల పక్కన పెడదాం. ఆమె గొంతు అందుబాటులో ఉన్నచోట ముందు ఆమెనే విందాం.